న్యాట్ ప్రశ్నల్లో నా మార్కులు తినేసిన 1.73

గేట్ (ఇంజినీరింగ్ పీజీ ప్రవేశ పరీక్ష) ఈసీఈకి, అంటే ఎలక్ట్రానిక్స్ పేపర్‌కి, చదువుతున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. న్యాట్ (న్యూమరికల్ ఆన్సర్ టైప్) ప్రశ్నలకు ఆప్షన్లు ఉండవు, జవాబు మనమే టైప్ చేయాలి. మాక్ టెస్టుల్లో పద్ధతంతా సరిగ్గా రాసినా నాకు వీటిలోనే మార్కులు పోయేవి. కాన్సెప్ట్ రాలేదేమోనని టెన్షన్ పడి, రెండు సబ్జెక్టులు మొదటి నుంచి చదివాను. చివరికి రఫ్ షీట్లు ముందేసుకుని ఒక్కో లైనూ చూస్తే అసలు సంగతి తెలిసింది. √3కి 1.73, ఆయిలర్ సంఖ్య e కి 2.7, π (పై)కి 3.14 అని ఇంటర్ నుంచి చేతికి అలవాటైన విలువల వల్లే తప్పులు వస్తున్నాయి.

ఇవి అన్నిచోట్లా ముంచవు. వృత్త వైశాల్యానికి 22/7 వాడితే తేడా 0.04 శాతమే. తీసివేత వచ్చినచోట జాగ్రత్త. 7 − 4√3 చూడండి. √3 బదులు 1.73 పెడితే 0.08 వస్తుంది. అసలు విలువ 0.0718. తప్పు 11 శాతం పైనే! దాదాపు సమానమైన రెండు సంఖ్యల్లో ఒకదాన్నుంచి ఇంకోటి తీసేస్తే, మనం వదిలేసిన దశాంశాలే జవాబును శాసిస్తాయి. అదే లెక్కను 1/(7 + 4√3)గా మార్చి, అదే 1.73 పెట్టండి. 0.0718 వచ్చేస్తుంది! చిన్నప్పుడు అకరణీకరణం (ఇలా వర్గమూలాన్ని పైనుంచి కిందికో, కిందినుంచి పైకో మార్చడం) ఎందుకు నేర్పారో నాకు ఆ రోజే అర్థమైంది.

ఘాతాలు కూడా ఇంతే. ఆయిలర్ సంఖ్య 2.71828 బదులు 2.7 తీసుకుని పదో ఘాతం కడితే 20,589 వస్తుంది, రావాల్సింది 22,026. డయోడ్ లెక్కల్లో ఇంకా ఘోరం. అక్కడ వోల్టేజీని థర్మల్ వోల్టేజీతో (ఉష్ణోగ్రతను బట్టి ఉండే చిన్న వోల్టేజీ) భాగిస్తే వచ్చేదే ఆయిలర్ సంఖ్యకు ఘాతం, కరెంటు దాన్ని బట్టే ఉంటుంది. 0.65 వోల్టులను థర్మల్ వోల్టేజీ 0.025తో భాగిస్తే 26, 0.026తో భాగిస్తే 25. ఘాతంలో ఆ ఒక్కటి తేడాకే కరెంటు 2.7 రెట్లు మారిపోతుంది. అందుకే ప్రశ్నలో ఏ విలువ ఇచ్చారో అదే వాడండి. సైన్‌తోనూ ఇదే తంతు. సైన్ 100π సున్నా కదా, π బదులు 3.14 పెడితే −0.16 వస్తుంది.

π విలువలో 3.1416 దాకా వెళ్లిన ఆర్యభటుడే దాన్ని ‘ఆసన్నం’ అన్నాడు, అంటే దగ్గరి విలువ అని.

తర్వాత నేను √3, π గుర్తులను చివరి లైను దాకా అలాగే ఉంచడం మొదలుపెట్టాను. ఇంట్లో కూడా చేతి కాలిక్యులేటర్ పక్కన పెట్టి, పరీక్షలో వచ్చే వర్చువల్ కాలిక్యులేటర్‌లోనే π బటన్ నొక్కి ప్రాక్టీస్ చేశాను. ఆఖరి నెలలో రఫ్ షీట్‌లో ఎక్కడ తీసివేత గుర్తు కనిపించినా దాని చుట్టూ సున్నా చుట్టి, ఒక్క క్షణం ఆగేవాణ్ణి.