ఉప్పలపాడు గట్టు మీద ఒక పొద్దు

జనవరి రెండో వారంలో హైదరాబాద్‌లో రాత్రి బస్సెక్కి, తెల్లవారుజామున గుంటూరులో దిగి, ఆటోలో ఉప్పలపాడు చేరుకున్నాను. ఊరు ఇంకా పూర్తిగా నిద్ర లేవలేదు గానీ చెరువు అప్పటికే గోలగోలగా ఉంది. మంచులో చెట్లు కనిపించకముందే రెట్టల వాసన, గూళ్లలోని పిల్లల అరుపులు ఎదురొచ్చాయి. వెలుతురు పెరిగేకొద్దీ కొమ్మల మీది తెల్లటి మూటలు ఒక్కొక్కటీ గూడబాతులు, అంటే పెలికన్లు, అయ్యాయి. వాటి పక్కనే పెయింటెడ్ స్టార్కులనే కొంగలు, వంకర ముక్కు ఐబిస్‌లు. ఇన్ని అడవి పక్షులు ఒక పల్లెటూరి ఇళ్ల పక్కన, మనుషుల మాటలు వింటూ పిల్లల్ని పెంచుకోవడం ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు.

ఈసారి గుంపు ఫొటోల కోసం రాలేదు. ఒక్క గూడబాతు మొహం కావాలి, ఫ్రేమ్ నిండా.

నా లెన్స్ 600 ఎం.ఎం., కెమెరాది క్రాప్ సెన్సర్, అంటే ఫుల్‌ఫ్రేమ్ కన్నా చిన్నది. గట్టుకి దాదాపు 15 మీటర్ల దూరంలో ఒక కొమ్మ దొరికింది. మొదటి అరగంట వరసగా తీశాను. వెనక స్క్రీన్ మీద బాగానే కనిపించాయి. జూమ్ చేసి చూస్తే ప్రాణం ఉసూరుమంది. ముక్కు అంచున ఉండే నీలి నలుపు చుక్కలు లెక్కపెట్టేంత స్పష్టంగా ఉన్నాయి, కన్ను మాత్రం మసక. ఎక్కువ ఫోకస్ పాయింట్లు పెట్టి వదిలేస్తే ఆటోఫోకస్ సాధారణంగా దగ్గరున్నదాన్నే పట్టుకుంటుంది. పక్షి మనవైపు తిరిగినప్పుడు దగ్గరుండేది ముక్కే. గూడబాతు ముక్కు సుమారు అడుగు పొడవు. ఆ దూరంలో లెన్స్ రంధ్రం ఎఫ్ 6.3 దగ్గర ఉంటే స్పష్టంగా వచ్చే లోతు దాదాపు 16 సెంటీమీటర్లు, జానెడు కూడా లేదు. రంధ్రం చిన్నది చేసి ఎఫ్ 11కి వెళ్లినా ముక్కు కొస నుంచి కంటిదాకా చాలదు, పైగా వెనకాల కొమ్మలన్నీ తేలతాయి.

అందుకే ఒకే పాయింట్ పెట్టి, కంటి మీదే ఉంచి, పక్షి పక్కకి తిరిగేదాకా ఆగాలనుకున్నాను. పక్కకి తిరిగితే కన్నూ ముక్కూ ఇంచుమించు ఒకే దూరంలో ఉంటాయి. తెల్ల ఈకల వివరం పోకుండా ఎక్స్‌పోజర్ కాస్త తగ్గించాను. కానీ మంచి కోణం కోసం గట్టు మీద అటూ ఇటూ కదులుతూనే ఉన్నాను. నేను కదిలినప్పుడల్లా ఆ పక్షి మెడ నిటారుగా పెట్టి నావైపే చూసేది.

బర్రెని తోలుకెళ్తున్న పెద్దాయన ఆగాడు. "బాబూ, ఒకచోట కూర్చో. నువ్వు తిరుగుతుంటే దానికి బెదురు పోదు."

"సరే బాబాయ్," అని అక్కడే చతికిలబడ్డాను.

పావుగంట గడిచేసరికి గూడబాతు నన్ను మర్చిపోయింది. ఈకలు దువ్వుకుంది. ఒకసారి ఒళ్లంతా విదిలించింది, ముక్కు కింది సంచి టపటపలాడింది. తర్వాత ముక్కుని మెల్లగా రొమ్ము మీదికి ఆనించి కుదురుకుంది. అదే నేను ఎదురుచూసిన భంగిమ. అడ్డంగా పట్టుకున్న ఫ్రేమ్‌లో ముక్కు కొస తెగుతుందేమోనని అప్పటిదాకా టెన్షన్. ఇప్పుడు ముక్కు కిందికి వాలింది కాబట్టి కెమెరాని నిలువుగా తిప్పాను. తల పైన కాస్త చోటు, కింద ముక్కు మొత్తం. మెడ వెనక చెదిరిన బూడిద రంగు కుచ్చు, కంటి చుట్టూ ఈకలు లేని లేత చర్మం, కంట్లో సూర్యుడి చుక్క. నొక్కబోతుంటే కంటి మీదికి పల్చటి పొర జారింది. ఆ క్షణంలో తీస్తే చూపు పాలిపోయినట్టు వస్తుంది. పొర తొలగగానే నాలుగు ఫ్రేములు తీశాను. మూడో దాంట్లో తల కొంచెం నావైపు తిరిగి ఉంది, ఒక వేలెడంత. అదే నాకు కావలసిన ఫొటో.

తొమ్మిదిన్నర దాటాక నీళ్ల మీద ఎండ కాగి గాలి కదలాడటం మొదలైంది. అలాంటప్పుడు ఎంత జాగ్రత్తగా ఫోకస్ చేసినా ఈకలు కరిగినట్టే వస్తాయి. సర్దేశాను.

తిరిగొస్తున్న బాబాయికి మూడో ఫొటో చూపించాను. స్క్రీన్‌ని ఎండకి చెయ్యి అడ్డం పెట్టి చాలాసేపు చూశాడు. ముక్కు మొదట్లో చిన్న గాటు ఉంది, తీస్తున్నప్పుడు నేను గమనించనేలేదు. దానిమీద వేలు పెట్టాడు.

"ఇది ఆ మూల కొమ్మ మీదిదే. దీనికి ఇద్దరు పిల్లలు," అన్నాడు.