"నేను" అని కథ చెప్తే

మా అమ్మమ్మది కోవూరు దగ్గర ఒక పల్లె, పెన్నకి వరదొచ్చిన కథ ఆమె చెప్తే నేను అట్నే కూర్చుండిపోతాను. "నా కాళ్ల కింద ఇసక జారిపోతా ఉండాదిరా అబ్బయ్యా" అంటాది, అంతే, అరుగు మీంచి వేలాడేసిన నా కాళ్లు వాటంతటవే పైకొచ్చేస్తాయి. ఆమె బతికి బయటపడిందని తెలుసు, ఎదురుగానే కూర్చోని వక్కాకు నములుతా ఉంది కదా, అయినా ఆ భయం మాత్రం పోదు.

ఉత్తమ పురుషలో, అంటే "నేను" అని చెప్తా రాసిన కథల్లో కూడా ఇదే జరుగుతాదని నాకనిపిస్తాది. చెప్పే మనిషికి తెలిసిందే మనకీ తెలుస్తాది, తలుపవతల ఎవరున్నారో తనకి తెలీకపోతే మనకీ తెలీదు. కానీ ఒక్కోసారి తనకంటే మనకే ఎక్కువ అర్థమవుతాది, అది ఇంకా బాగుంటాది. మొక్కపాటి నరసింహశాస్త్రి గారి 'బారిస్టర్ పార్వతీశం' చూడండి, 1924లో మొదటి భాగం వచ్చింది, పార్వతీశం తన ఇంగ్లండ్ ప్రయాణం తనే చెప్తాడు, అంతా సరిగ్గానే చేస్తున్నా అనుకుంటా చెప్తాడు, మనకేమో నవ్వాగదు. అదే పక్కనుంచి ఇంకెవరన్నా చెప్పుంటే వాణ్ణి ఎగతాళి చేసినట్టుండేది, వాడి నోటితోనే వింటాం కాబట్టి వాడంటే ఇష్టం పుడతాది.

ఇంకోటి, చెప్పే మనిషి కొంత దాచిపెట్టడం. అమ్మమ్మ కథ దూడ దగ్గరికొచ్చేసరికి ప్రతిసారీ "సరే పొద్దుపోయింది, అన్నం తిందాం పా" అని లేస్తాది. ఆ దూడ ఏమైందో నేనింతవరకు అడగలేదు.