నార్త్ ప్లాట్‌లో రైలు ఆగిన పది నిమిషాలు

నెబ్రాస్కా రాష్ట్రంలో ఒగలాలా పక్కన మకానహీ జలాశయం ఒడ్డున చాప పరుచుకుని పులిహోర తినేసరికి ఒంటిగంటన్నర అయింది. కొలరాడోలో డెన్వర్ పక్కన అరోరాలో పొద్దున తొమ్మిదింటికి బయల్దేరాం. ఇక్కడి నుంచి మేం వెళ్లాల్సిన నార్త్ ప్లాట్ ఊరు గంట ప్రయాణం. మ్యూజియం మూసేలోపు బోలెడు టైముందని అమ్మ తీరిగ్గా అందరికీ ఇంకో గ్లాసు మజ్జిగ పోసింది. హైవే ఎక్కిన కాసేపటికి మా ఆయన "అదేంటి, అప్పుడే నాలుగా!" అన్నారు. నెబ్రాస్కా పడమటి కొస కొలరాడో టైములో నడుస్తుంది, మిగతా రాష్ట్రం గంట ముందుంటుంది. కబుర్లలో పడి ఆ గీత దాటిన సంగతే చూసుకోలేదు. నాకు టెన్షన్ మొదలైంది. వెనక సీట్లోంచి నాన్న, "పర్లేదమ్మా, పది నిమిషాలున్నా చాలు, చూసొద్దాం" అన్నారు.

ఈ ప్రయాణం ఆయన కోసమే. మా ఊరు తాడేపల్లిగూడెం దగ్గర. మాకు పక్కనే మాధవరం. ఆ ఊరిని మా వైపు ఎవరూ ఉత్త మాధవరం అనరు, మిలిటరీ మాధవరం అంటారు. ప్రపంచ యుద్ధాల నాటి నుంచి ఇంటింటి నుంచీ సైన్యంలోకి వెళ్తున్న ఊరది. అక్కడి స్నేహితులతో కలిసే నాన్న 1969లో చేరారు. వెల్లింగ్టన్‌లో ట్రైనింగ్, మద్రాస్ రెజిమెంట్, 1971లో తూర్పు సరిహద్దు, హవల్దార్‌గా రిటైర్‌మెంట్. నాకు తెలిసింది ఇంతే, ఎందుకంటే ఆయన చెప్పింది ఇంతే. ఇప్పుడు డెబ్బై అయిదేళ్లు. అమెరికా వచ్చి నెల దాటింది. కొండలు చూపించాం, గుళ్లకి తీసుకెళ్లాం, అన్నిటికీ "బావుందమ్మా" అంటారు. ఆ "బావుంది" వెనక ఏముందో నాకు తెలియదు. ఆయనకి నిజంగా తగిలే చోటు ఒకటి చూపించాలని నార్త్ ప్లాట్ ఎంచుకున్నాను.

ఊరు చిన్నది. ఇప్పటికీ పాతిక వేలలోపు జనాభా. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో పన్నెండు వేలు. ఊరంతా రైలు చుట్టూ పుట్టింది. లింకన్ కౌంటీ హిస్టారికల్ మ్యూజియం చేరేసరికి మాకు మిగిలింది నలభై నిమిషాలు. డెబ్బై దాటిన పెద్దావిడ ఒకరు ఎదురొచ్చి, మా కంగారు చూసి, "ముందు కాంటీన్ దగ్గరికి రండి, మిగతావి తర్వాత" అని నేరుగా అక్కడికి తీసుకెళ్లారు.

కాంటీన్ అంటే మన ఆఫీసుల్లో క్యాంటీన్ కాదు. 1941 డిసెంబర్ 25 నుంచి 1946 ఏప్రిల్ 1 దాకా ఈ ఊరి రైల్వే స్టేషన్లో నడిచిన ఒక వంటిల్లు, వడ్డన బల్ల. అమెరికా ఈ కొస నుంచి ఆ కొసకి సైనికుల్ని మోసుకెళ్లే యూనియన్ పసిఫిక్ కంపెనీ రైళ్లు ఇక్కడ ఇంజన్‌కి నీళ్లు పట్టి, చక్రాలకి ఆయిల్ వేయడానికి పది, పదిహేను నిమిషాలు ఆగేవి. ఆ కాసేపట్లో దిగిన ప్రతి సైనికుడికీ కాఫీ, శాండ్‌విచ్, ఉడకబెట్టిన గుడ్డు, కేకు, పాలు. ఎవరి దగ్గరా పైసా తీసుకోలేదు. అలా అరవై లక్షల మందికి పైగా పెట్టారు.

నేను తెలుగులో చెబుతుంటే అమ్మ మధ్యలో ఆపింది. "అరవై లక్షలా? సరిగ్గా విను."

మళ్లీ అడిగాను. అరవై లక్షలే. మామూలు రోజుల్లోనే మూడు నుంచి ఐదు వేల మంది. అమ్మ మనసులో ఏవో లెక్కలు వేసుకుంది. మా చెల్లి పెళ్లికి ఎనిమిది వందల మందికి వండించడానికి ఎన్ని రాత్రులు నిద్రలేదో ఆవిడకి తెలుసు. "వంటవాళ్లని పెట్టుకున్నారా?" అంది. లేదు. ఈ ఊరి ఆడవాళ్లు, చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లు. మొత్తం 125 ఊళ్లు, 55 వేల మంది. ఒక్కో ఊరికి ఒక్కో రోజు వంతు. ఆ రోజు ఆ ఊరివాళ్లు ఇళ్లలో చేసినవన్నీ పట్టుకుని వచ్చేవారు. చక్కెర, కాఫీ, పెట్రోలు అన్నీ రేషన్ మీద దొరికే కాలం. ఇంట్లో పిల్లలకి తగ్గించి ఆ కూపన్లు దాచి ఇక్కడికి తెచ్చేవారట. పొలాల్లో కోడి జాతికి చెందిన ఫెజెంట్ పక్షులు దొరికేవి, వాటి మాంసంతో శాండ్‌విచ్‌లు చేసేవారు. పుట్టినరోజని ఎవరైనా కుర్రాడు చెబితే అతని చేతిలో ఏకంగా ఒక కేకు పెట్టి పంపేవారు.

ఇది మొదలైన తీరు నన్ను బాగా కదిలించింది. 1941 డిసెంబర్ 17. పెర్ల్ హార్బర్ మీద దాడి జరిగి పది రోజులు. తమ పిల్లలు పనిచేసే నెబ్రాస్కా నేషనల్ గార్డ్ (రాష్ట్ర సైనిక దళం) డి కంపెనీ ఆ రోజు రైల్లో వస్తోందని ఊరంతా పొక్కింది. అమ్మానాన్నలు, అక్కచెల్లెళ్లు పిండివంటలు, సిగరెట్లు, పళ్లు పట్టుకుని చలిలో ప్లాట్‌ఫామ్ మీద నిలబడ్డారు. రైలు వచ్చింది. డి కంపెనీయే, కానీ కాన్సస్ రాష్ట్రానిది. ఒక్క ముఖమూ తెలిసింది కాదు. కాసేపు అందరూ అలాగే నిలబడిపోయారు. ఆ తర్వాత తెచ్చినవన్నీ కిటికీల్లోంచి ఆ పరాయి కుర్రాళ్లకే ఇచ్చేశారు.

"మరి? ఎత్తుకొచ్చిన పళ్లెం వెనక్కి పట్టుకెళ్తారా ఎవరైనా?" అంది అమ్మ.

ఆ గుంపులో రే విల్సన్ అనే ఇరవై ఆరేళ్ల అమ్మాయి ఉంది. షాపులో పనిచేసేది. ఆమె అన్నదమ్ముల్లో ఒకరు డి కంపెనీలో అధికారి. ఆయన్ని చూడ్డానికే వచ్చింది. ఇంటికెళ్లి ఊరి పేపరుకి ఉత్తరం రాసింది: ఇవాళ చేసింది ప్రతి రైలుకీ ఎందుకు చేయకూడదు? ఆ రైలు వచ్చిన ఎనిమిది రోజులకే, క్రిస్మస్ రోజున మొదలుపెట్టేశారు. యూనియన్ పసిఫిక్ అధ్యక్షుడు విలియం జెఫర్స్‌ది కూడా ఈ ఊరే. స్టేషన్లో వాడకుండా ఉన్న భోజనాల గది వాడుకోమన్నారు.

డబ్బు ఎక్కడిదని మా ఆయన అడిగారు. డాన్సులు పెట్టి, పాత ఇనుము అమ్మి, కచేరీలు చేసి కూడబెట్టారు. అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఐదు డాలర్లు పంపారు. నాకైతే ఆ ఐదు డాలర్ల కంటే జీన్ స్లాటరీ చొక్కా గుర్తుండిపోయింది. చిన్న పిల్లాడు. పశువుల వేలం జరిగే చోటికి వెళ్లి, ఒంటి మీద చొక్కా విప్పి వేలానికి పెట్టేవాడు. కొన్నవాళ్లు డబ్బిచ్చేవారు. ఇంకో వేలంలో ఇంకో చొక్కా. అలా రెండు వేల డాలర్ల దాకా తెచ్చాడు. మావాడికి పదేళ్లు. ఇది విని తన టీషర్ట్ కేసి ఒకసారి చూసుకున్నాడు.

గోడ మీద ఫొటోల్లో ఒకటి దగ్గరగా చూశాను. బల్లకి ఇటువైపు ఏప్రన్లు కట్టుకున్న ఆడవాళ్లు. అటువైపు టోపీలు వెనక్కి నెట్టుకున్న కుర్రాళ్లు, ఒకరి భుజం మీంచి ఒకరు చెయ్యి చాపుతున్నారు. ఒకడి నోట్లో శాండ్‌విచ్ ఉంది, ఒక చేతిలో కప్పు, రెండో చెయ్యి ఇంకోదానికి సాగి ఉంది. గబగబా తినాలి, రైలు కదిలిపోతుంది. పట్టుమని ఇరవై ఏళ్లుండవు. వాళ్లలో ఎందరు తిరిగొచ్చారో అనిపించి ఫొటో దగ్గర్నుంచి జరిగిపోయాను.

గాయపడినవాళ్లని తెచ్చే ఆసుపత్రి రైళ్లు కూడా ఇక్కడ ఆగేవట. దిగలేనివాళ్ల దగ్గరికి అమ్మాయిలు బుట్టలు పట్టుకుని వెళ్లేవారు. పాప్‌కార్న్ ఉండల్లో తమ పేరు, అడ్రసు రాసిన చీటీలు పెట్టేవారు కొందరు. కొన్ని ఉత్తరాలు పెళ్లిళ్ల దాకా వెళ్లాయి. ఆ రోజుల్లో అమెరికా సైన్యంలో నల్లవారి దళాలు వేరు, వాళ్లకి చాలా చోట్ల హోటళ్లలో కూర్చోనిచ్చేవారు కాదు. ఈ బల్ల దగ్గర మాత్రం వాళ్లకీ అందరితో పాటే పెట్టారు. కొడుకు యుద్ధంలో పోయాడన్న కబురు అందిన ఒక తల్లి కూడా మళ్లీ వచ్చి ఇదే బల్ల దగ్గర నిలబడిందని పెద్దావిడ చెబుతుంటే, తెలుగులో చెప్పడానికి నాకు గొంతు పెగల్లేదు. అమ్మకి అర్థమైపోయింది. "మన డొక్కా సీతమ్మగారి లాంటివాళ్లు" అంది మెల్లిగా. లంకల గన్నవరంలో ఏ వేళకి ఎవరొచ్చినా అన్నం పెట్టిన సీతమ్మగారి పేరు మా గోదావరి వైపు ఊరికే ఎవరికీ ఇవ్వరు.

మూసే టైమైంది. నాన్న సైన్యంలో పనిచేశారని మా ఆయన అప్పుడు చెప్పారు. పెద్దావిడ ఒక్క క్షణం ఆగి, రెండు చేతులతో నాన్న చెయ్యి పట్టుకున్నారు. ఏ దేశం, ఏ యుద్ధం అని అడగలేదు. "రేపు పొద్దున రండి, కాఫీ తాగుదురు గాని" అన్నారు.

సాయంత్రం స్టేషన్ ఉన్న చోటికి వెళ్లాం. స్టేషన్ లేదు. 1971లో ప్రయాణికుల రైళ్లు ఆగిపోయాయి, 1973లో భవనం కూల్చేశారు. ఒక ఫలకం, జెండా, కాస్త పచ్చిక ఉన్నాయి. నాకు చాలా బాధేసింది. అంత పని చేసిన గోడల్ని నిలబెట్టుకోవాల్సింది. ఎవరికో ఖర్చనిపించి ఉంటుంది, కానీ ఆ తలుపులు, ఆ బల్ల అక్కడే ఉండి ఉంటే ఎంత బావుండేది! నాన్న ఫలకం వైపు పెద్దగా చూడలేదు. పట్టాల వైపు తిరిగి నిలబడ్డారు. అంతలో గూడ్సు బండి వచ్చింది. మావాడు పెట్టెలు లెక్కపెడుతూ నూటపది దాకా వెళ్లి తప్పిపోయాడు. బండి వెళ్లిపోయాక ఆ నిశ్శబ్దంలో నాన్న మొదలుపెట్టారు.

"మమ్మల్ని కూడా ఇలాగే తీసుకెళ్లారు. డెబ్బై ఒకటిలో. రెండు రోజులుగా రైల్లోనే ఉన్నాం. రాత్రి ఏదో స్టేషన్లో ఆపారు. పేరు చదువుదామంటే మనకొచ్చిన లిపి కాదు. కిటికీ దగ్గర నిద్రపోతున్నాను. ఎవరో చెయ్యి తట్టారు. లేచి చూస్తే ఆకు దొన్నెలో పూరీలు, బంగాళాదుంప కూర. వేడిగా ఉంది. చీకట్లో ముఖం కనబడలేదు. చెయ్యే కనబడింది. ఒక తెల్ల గాజు, పక్కనే ఎర్ర గాజు. తీసుకున్నాను. ఆవిడ పక్క కిటికీకి వెళ్లిపోయింది."

"తర్వాత?" అన్నాడు మావాడు.

"తర్వాత రైలు కదిలింది నాన్నా."

శంఖం గాజు, ఎర్ర గాజు జతగా వేసుకునేది బెంగాల్లో పెళ్లైన ఆడవాళ్లు. ఆ సంగతి చెబితే నాన్న తలూపారు. "అవును, తర్వాత తెలిసింది. దణ్ణం పెడదామంటే అప్పటికి చేతులు ఖాళీ లేవు" అన్నారు. నలభై ఏళ్ల వయసు వచ్చింది నాకు. ఈ పూరీల సంగతి నేనే కాదు, అమ్మ కూడా వినడం అదే మొదటిసారి.

మర్నాడు ముందు బెయిలీ యార్డ్‌కి వెళ్లాం. ప్రపంచంలోకెల్లా పెద్ద రైల్వే యార్డ్ ఇదే, ఎనిమిది మైళ్ల పొడవు. గోల్డెన్ స్పైక్ టవర్ ఎక్కి చూస్తే కింద పట్టాలు దువ్విన జుట్టులా ఉన్నాయి. పిల్లలుంటే తప్పకుండా ఎక్కండి. మేం మాత్రం అక్కడ ఎక్కువసేపు ఉండలేదు, నాన్న వాచీ చూసుకుంటున్నారు.

మ్యూజియంలో పెద్దావిడ నిజంగానే కాఫీ పెట్టి ఉంచారు. నాన్న నన్ను ఒక ప్రశ్న అడగమన్నారు: "ఇప్పుడు సైనికులొస్తే ఈ ఊళ్లో పెడతారా?" ఆవిడ నవ్వారు. 2018 జూన్‌లో ఆర్కాన్సా నేషనల్ గార్డ్ దళం శిక్షణ ముగించుకుని బస్సుల్లో తిరిగి వెళ్తూ ఈ ఊరిని అడిగిందట, మావాళ్లు కాసేపు ఆగొచ్చా అని. సుమారు 700 మంది. ఊరు మళ్లీ వంటిల్లు తెరిచింది. పాతవాళ్ల మనవలు, మునిమనవలు బల్లలు వేసి నిలబడ్డారు. అంతకుముందు ఎన్నో ఏళ్లుగా, ఆ రైళ్లలో వెళ్లిన ముసలి సైనికులు ఊరు వెతుక్కుంటూ వచ్చేవారని, స్టేషన్ ఏదని అడిగేవారని కూడా చెప్పారు. ఎవరు పెట్టారో వాళ్లకి గుర్తుండేది కాదు, ఏం పెట్టారో మాత్రం పేరుపేరునా చెప్పేవారట. అది తెలుగులో చెప్పేసరికి నాన్న కాఫీ కప్పు కింద పెట్టి, ఆవిడకి రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టారు. ఆవిడా తనకి తోచినట్టు చేతులు జోడించారు.

బయల్దేరుతుంటే అమ్మ కారు దగ్గరికి వెళ్లి డిక్కీ తీయమంది. మూడు రోజులకని చేసిన సున్నుండలు స్టీలు డబ్బాతో సహా పట్టుకొచ్చి ఆవిడ చేతిలో పెట్టింది. మినప్పిండి, బెల్లం, నెయ్యి అని నేను చెబుతుంటే ఆవిడ మూత తీసి వాసన చూశారు. ఒకటి నోట్లో వేసుకుని, డబ్బా ఖాళీ చేసి ఇస్తానంటూ లోపలికి తిరిగారు.

"వద్దని చెప్పవే, డబ్బా కూడా ఉంచుకోమను" అంది అమ్మ.