పన్ను చిట్టా చేతికొస్తేనే రాజ్యం చేతికొచ్చినట్టు

యూరప్ విప్లవాలు, దండయాత్రలు అనగానే మన చూపు బాస్టిల్ కోట మీదో, గిలటిన్ మీదో, నెపోలియన్ మీదో ఆగిపోతుంది. అధికారం నిజంగా చేతులు మారిందా లేదా అన్నది తేల్చే ప్రశ్నలు వేరే ఉన్నాయి. శిస్తు ఎవరు వసూలు చేస్తున్నారు? సైన్యంలోకి కుర్రాళ్లను ఎవరు పిలుస్తున్నారు? భూమి ఎవరి పేరున రాసి ఉంది? నా మట్టుకు నేను ఏ యుద్ధం గురించి చదివినా ముందు వెతికేవి వీటికి జవాబులే.

1066 అక్టోబరు 14న హేస్టింగ్స్‌లో రాజు హెరాల్డ్ చనిపోయినంత మాత్రాన ఇంగ్లండ్ ఫ్రాన్స్‌లోని నార్మండీ నుంచి దండెత్తి వచ్చిన నార్మన్లది అయిపోలేదు. తిరుగుబాట్లు ఆగలేదు. 1069-70 చలికాలంలో నార్మన్ల నాయకుడు విలియం సైన్యం ఉత్తర ప్రాంతంలో పంటలనూ పశువులనూ తగలబెట్టి జనాన్ని ఆకలికి వదిలేసింది. అంతటి క్రూరుడు కూడా పాత రాజుల పాలన యంత్రాన్ని మాత్రం ముట్టుకోలేదు. షైర్లు అనే జిల్లాలు, వాటి కింద ఉపవిభాగాలైన హండ్రెడ్‌లు, వాటి న్యాయసభలు, గెల్డ్ అనే భూమి పన్ను, అన్నీ అలాగే ఉంచి, షైర్లలో రాజు తరఫు అధికారులైన షెరీఫ్‌ల స్థానంలో క్రమంగా తనవాళ్లను కూర్చోబెట్టాడు. 1085 క్రిస్మస్‌కు గ్లౌస్టర్‌లో నిర్ణయించి, మరుసటి ఏడాది దేశమంతా సర్వే చేయించాడు. అదే డూమ్స్‌డే చిట్టా. ఈ భూమి హెరాల్డ్‌కు ముందటి ఎడ్వర్డ్ రాజు నాడు ఎవరిది, ఇప్పుడెవరిది? నాగళ్లెన్ని, మిల్లులెన్ని, అడవెంత? అప్పటి విలువెంత, ఇప్పటి విలువెంత? ఇంకా ఎక్కువ రాబట్టగలమా? ప్రమాణం చేయించి మరీ అడిగారు. కేంబ్రిడ్జిషైర్‌లో ఒక్కో హండ్రెడ్‌కు 8 మంది సాక్షులు, సగం ఫ్రెంచివాళ్లు, సగం ఇంగ్లీషువాళ్లు.

దీనివల్ల శిస్తు లెక్క ఒక్కటే తేలలేదు. కత్తితో లాక్కున్న భూమికి ప్రతి నార్మన్ ప్రభువుకూ రాజు చిట్టాయే దస్తావేజు అయింది. రాజును కాదంటే తన హక్కుకే ఆధారం పోతుంది. సర్వే చేరని చోట్లు కూడా చూడాలి: రాజు పట్టు వదులుగా ఉన్న నార్తంబర్లాండ్, డరామ్ అందులో లేవు.

1688లో అదే ఇంగ్లండ్‌లో డచ్ పాలకుడు ఆరెంజ్ విలియం దక్షిణ తీరంలోని టార్‌బేలో సైన్యంతో దిగాడు, రాజు రెండో జేమ్స్ గద్దె దిగాడు. దండయాత్రా, విప్లవమూ ఒకటే అయిన అరుదైన సందర్భమిది. అక్కడి కీలు చిన్నది, కానీ గట్టిది. శాంతికాలంలో పార్లమెంటు సమ్మతి లేనిదే సైన్యం ఉండకూడదన్నారు. సైనిక క్రమశిక్షణకు ఆధారమైన మ్యూటినీ చట్టాన్ని 1689 నుంచి స్వల్పకాలానికే ఇస్తూ, మళ్లీ మళ్లీ పొడిగిస్తూ వచ్చారు. పన్నుల మంజూరూ పార్లమెంటుదే కాబట్టి రాజు ఏటా సభ పిలవక తప్పలేదు. అప్పు తీర్చే పూచీ పార్లమెంటుది కావడంతో 1694లో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ ప్రభుత్వానికి 12 లక్షల పౌండ్లు 8 శాతానికి ఇవ్వగలిగింది.

ఫ్రాన్స్ కథ దీనికి తలకిందులు. అక్కడ విప్లవానికి దారి తీసిందే ఖజానా దివాలా. 1789 ఆగస్టు 4 రాత్రి ప్రభువుల ప్రత్యేక హక్కులు రద్దన్నారు, నవంబరు 2న చర్చి ఆస్తులు జాతివి అన్నారు, డిసెంబరులో ఆ భూములే హామీగా 40 కోట్ల లివ్రుల (లివ్రు నాటి ఫ్రెంచి నాణెం) అసిగ్నా పత్రాలు తెచ్చారు, అవి తర్వాత కాగితం డబ్బుగా చెలామణి అయ్యాయి. భూములు అమ్ముడైన కొద్దీ పత్రాలు వెనక్కొస్తాయి, వాటిని కాల్చేయాలి. ఇదీ పథకం. పనుల వరుస తప్పడంతోనే పథకం దెబ్బతింది: పాత పన్నులు ముందే కూలాయి, కొత్త పన్నుల జాబితాలు తయారు కాలేదు. వాటిని రాయాల్సిన పురపాలక సంఘాలకు అనుభవం లేదు. లోటు పూడ్చడానికి అచ్చుయంత్రం ఒక్కటే మిగిలింది. 1792 ఏప్రిల్‌లో యుద్ధం కూడా వచ్చిపడింది. 1796 ఫిబ్రవరిలో పారిస్‌లో ఆ అచ్చుపలకలను బహిరంగంగా ధ్వంసం చేసేనాటికి పత్రం విలువ ముఖవిలువలో ఒక శాతం కూడా లేదు.

ఆర్థికంగా ఇది ఘోర వైఫల్యం. ఐనా నా ఉద్దేశంలో విప్లవాన్ని నిలబెట్టింది ఇదే. పడిపోయిన కాగితాలతో వాయిదాలు కట్టి చర్చి భూములు చవగ్గా దక్కించుకున్న పట్టణ వ్యాపారులు, లాయర్లు, కాస్త ఉన్న రైతులు, పాత రాజ్యం తిరిగొస్తే తమ పొలం పోతుందని భయపడే వర్గంగా మారారు. భూమి దొరకని వాళ్లకు మాత్రం విప్లవం సైనిక భర్తీ రూపంలో ఎదురైంది. 1793 ఫిబ్రవరి 24న 3 లక్షల మందిని పంపాలని ఉత్తర్వు వచ్చింది, మార్చిలో పశ్చిమ ఫ్రాన్స్‌లోని వాండే ప్రాంతం తిరుగుబాటుతో భగ్గుమంది.

ఈ చెల్లాచెదురు యంత్రాన్ని బిగించింది నెపోలియన్. అధికారానికొచ్చిన నెలలోపే, 1799 నవంబరు 24న, పన్ను జాబితాలు రాసే పనిని జీతగాళ్లైన అధికారులకు అప్పగించే చట్టం వచ్చింది. 1800 ఫిబ్రవరి 17 చట్టంతో ప్రతి డిపార్ట్‌మెంట్‌కూ (జిల్లాకూ) పారిస్ నియమించిన ప్రిఫెక్ట్ అనే పాలనాధికారి వచ్చాడు. శిస్తూ సైనిక భర్తీ జాబితా రెండూ ఇక ఒకే గొలుసులో నడిచాయి.

అంత తెలిసినవాడే జయించిన నేలపై తన సూత్రాన్ని తానే తప్పాడు. 1807లో తమ్ముడు జెరోమ్‌కిచ్చిన, జర్మనీలోని వెస్ట్‌ఫేలియా రాజ్యానికి రాజ్యాంగం, సమాన న్యాయం, వెట్టి రద్దు, అన్నీ ఇచ్చాడు. కానీ పాత రాజుల సొంత భూముల్లో సగం తన సేనానుల ఇనాములకు పక్కనపెట్టుకున్నాడు. ఆ ఆదాయం ఖజానాకు రాదు. పైగా ఇనాముదార్లకు రైతులు కట్టే పాత భూస్వామ్య చెల్లింపులే రాబడి, కాబట్టి వాటిని పూర్తిగా రద్దు చేయడం కుదరలేదు. 25,000 మంది సైనికుల బాధ్యత, అక్కడి కోటపట్టణం మాగ్డెబర్గ్‌లో ఫ్రెంచి దళాల పోషణ దీనికి తోడు. రైతుకు భూమి రాలేదు, పన్ను మాత్రం పెరిగింది. 1813లో ఆ రాజ్యం కూలిపోయినప్పుడు కాపాడుకోవడానికి ఎవరికీ ఏమీ లేదు.

ఫ్రాన్స్‌లో అలా కాలేదు. 1814లో నెపోలియన్ పడిపోయి పాత రాజవంశం బుర్బన్లు తిరిగొచ్చినప్పుడు 18వ లూయీ ఇచ్చిన చార్టర్ అనే రాజ్యాంగ పత్రం 9వ అధికరణమే, విప్లవం జప్తు చేసి అమ్మిన జాతీయ భూములతో సహా ఆస్తులన్నిటికీ రక్ష ఇచ్చింది. ప్రిఫెక్ట్‌లనూ ఆయన ఉంచుకున్నాడు. విప్లవకాలంలో పారిపోయి, భూములు పోగొట్టుకుని తిరిగొచ్చిన ప్రభువులకు 1825లో ప్రభుత్వ బాండ్ల రూపంలో పరిహారం ఇచ్చారు. అమ్ముడుపోయిన భూములు మాత్రం కొన్నవాళ్ల దగ్గరే ఉండిపోయాయి.