రెండో బెల్

2022 డిసెంబరులో ఓ ఆదివారం పొద్దున్న పళ్ళు తోముకుని పుక్కిలిస్తుంటే నీళ్ళు నోట్లో నిలవలేదు. కుడివైపు పెదవి చివరినుంచి ధార కారిపోయి జాకెట్టు తడిసింది. అద్దంలో చూసుకుంటే మూతి ఎడమవైపుకి లాక్కుపోయి ఉంది. కళ్ళు మూసుకోబోతే ఎడమది మూతపడింది, కుడిది తెల్లగుడ్డు కనబడేలా తెరుచుకునే ఉంది. ముందురోజు రాత్రి ఆ పక్క చెవి వెనక సన్నగా నొప్పొస్తే చలిగాలి అనుకుని దూది పెట్టుకుని పడుకున్నాను.

దగ్గర్లో ఉన్న క్లినిక్కి పరుగెత్తాం. గాలి కొట్టిందని చెప్పి, బలానికి ఓ సూది పొడిచి పంపేశారు. ఇంటికొచ్చేసరికి ఫోన్లు మొదలయ్యాయి. పక్షవాతమే అన్నారు ఒకరు. పావురం కూర పెట్టమన్నారు ఇంకొకరు. ఫలానా ఊళ్ళో చెవిలో పసరు పోస్తారు, వెంటనే బయల్దేరమన్నారు మరొకరు. ఆ రోజు అలా పోయింది. తలుచుకుంటే ఇప్పటికీ నాకు కోపమే. ఈ జబ్బుకి మందు మొదటి 72 గంటల్లో పడితేనే బాగా పనిచేస్తుందని తర్వాత తెలిసింది.

మర్నాడు కాకినాడలో నరాల డాక్టరుగారు నన్ను ముందు అడిగిందొక్కటే. "కనుబొమ్మలు పైకెత్తండమ్మా."

ఎత్తాను. ఎడమది లేచింది. కుడిది లేవలేదు. నుదురు మీద సగం దాకా గీతలు, మిగతా సగం చంటిపిల్ల నుదురంత నున్నగా ఉంది.

"మెదడులో వచ్చే పక్షవాతానికి మూతి వంకరపోయినా మామూలుగా నుదురు కదులుతుంది. మీకు నుదురు కూడా ఆగింది కాబట్టి ఇది ముఖానికి వెళ్ళే నరం వాచడం. బెల్స్ పాల్సీ అంటారు. చాలామందికి పూర్తిగా తగ్గిపోతుంది" అన్నారాయన. ఆ నరం చెవి వెనక ఎముకలో ఇరుకు సందులోంచి వస్తుందట. వాచిందంటే అక్కడ నొక్కుకుపోయి ఆ వైపు ముఖమంతా ఆగిపోతుంది. చార్లెస్ బెల్ అనే స్కాట్లండ్ వైద్యుడు రెండొందల ఏళ్ళ కిందట దీన్ని వివరించాడట, అందుకే ఆ పేరు. షుగరు పరీక్ష చేసి, పది రోజులకి ప్రెడ్నిసొలోన్ మాత్రలు రాసిచ్చారు.

అందరూ ఊపిరి పీల్చుకున్నారు. నాకు మాత్రం ఏడుపు ఆగలేదు. పోయింది కుడి కనుబొమ్మ. అది మా తాతయ్యది.

మా అమ్మవాళ్ళ నాన్న రామచంద్రపురం డిపోలో ఆర్టీసీ కండక్టరు. మండపేట, ద్వారపూడి మీదుగా రాజమండ్రి వెళ్ళే బస్సులో చాలా ఏళ్ళు చేశాడు. సెలవులకి వెళ్ళినప్పుడు ముందు సీట్లో కూర్చోబెట్టుకుని నన్ను తిప్పేవాడు. జోకులేసే మనిషిలా కనపడేవాడు కాదు. గొంతు పెంచడు, తను నవ్వడు. మాట అనేసి, కుడి కనుబొమ్మ ఒక్కటి రవ్వంత పైకెత్తి, ఏమీ ఎరగనట్టు టిక్కెట్లు చింపుకుంటూ పోయేవాడు. బస్సంతా నవ్వుతుంటే తనొక్కడే లెక్క చూసుకునేవాడు.

మెట్ల దగ్గరే గుమిగూడి ఎంతకీ లోపలికి జరగని మగాళ్ళతో అనేవాడు: "ఏవండోయ్, గుమ్మంలో నిలబడిపోయారేంటండీ కొత్తల్లుళ్ళలాగ. హారతిస్తే గానీ లోపలికి రారా?" కనుబొమ్మ లేచేది. జనం జరిగేవారు.

తాతయ్య 2016లో పోయాడు. చివర్లో ఆసుపత్రిలో సెలైన్ పెడుతున్న నర్సమ్మని "డీజిలు ఎంతవరకూ కొడతారమ్మా, రాజమండ్రి దాకా వస్తదా?" అని అడిగాడు. గొంతు పెగలడం లేదు. ఆ పిల్లకి మాట సరిగా అందలేదు. నాకు అందింది, ఎందుకంటే నేను కనుబొమ్మ చూస్తున్నాను.

నా చిన్నప్పటినుంచీ అందరూ అనే మాట, ఈ పిల్లకి తాత కనుబొమ్మ వచ్చిందని. ఆయన పొలం అమ్మేశారు, ఇల్లు మావయ్యలు పంచుకున్నారు. నాకు వచ్చింది అదొక్కటే.

అమ్మ వచ్చి నెలా పదిహేను రోజులు నా దగ్గరే ఉంది. పగలు గంటకోసారి కంట్లో చుక్కలు వేసేది. రాత్రి ఆయింట్‌మెంటు రాసి, రెప్పని వేలితో మెల్లగా కిందికి దించి, టేపు అంటించేది. మూతపడని కన్ను ఎండిపోతే గుడ్డు మీద పుండు పడుతుంది, అందుకే అంత జాగ్రత్త. అన్నం ఆ పక్క దవడలోనే ఉండిపోయేది. నాలుక ఆ సగానికి ఉప్పు తెలిసేది కాదు. స్టీలు గిన్నె కింద పడితే కుడి చెవిలో పిడుగు పడ్డట్టుండేది. ప, బ, మ పలకాలంటే పెదాలు కలవాలి కదా, పప్పు అనబోతే గాలి పోయేది. నేను మాట్లాడటం తగ్గించేశాను. నవ్వడం మానేశాను. నవ్వొస్తే మూతి ఇంకా వంకరపోతుందని చున్నీ అడ్డం పెట్టుకునేదాన్ని.

ఒకరాత్రి టేపు కత్తిరిస్తూ అమ్మ, "ఆ డాక్టరుగారు ఏం పేరు చెప్పారే దీనికి?" అంది. బెల్స్ పాల్సీ అన్నాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మీ తాతయ్య తాడు లాగి ఒక బెల్ కొడితే బస్సు ఆగేది. రెండు కొడితే కదిలేది. నీకు ఒకటే పడింది. రెండోది పడాలి" అంది.

ఆ తర్వాత కోడి సంగతి చెప్పింది. ద్వారపూడిలో ఒకావిడ గంపలో కోడిపెట్టతో ఎక్కింది. దారిలో అది గుడ్డు పెట్టింది. ఆవిడ గుడ్డు తీసి కొంగులో కట్టుకోబోతే తాతయ్య చెయ్యి చాపాడట. "ఆగమ్మా. కోడి నీదే. టిక్కెట్టు లేకుండా బస్సులో దిగింది కాబట్టి గుడ్డు మాత్రం సంస్థది. డిపోలో జమ చెయ్యాలి." ఆవిడ నిజమనుకుని ఇచ్చేసింది. మండపేటలో దిగేటప్పుడు గుడ్డు ఆవిడ గంపలో పెట్టి, "ఇదిగో, నీ చిల్లర" అన్నాడట.

నాకు నవ్వు ఆగలేదు. అలవాటుగా చున్నీ నోటి మీదికి వెళ్ళింది. అమ్మ నా చెయ్యి పట్టుకుని కిందికి దించింది. "నాకు కనపడనీ" అంది. సగం ముఖంతో ఎంతసేపు నవ్వానో. అమ్మ ఏడుస్తూ నవ్వింది.

భోగి రోజు తెల్లారుజామున, అంటే నాలుగో వారంలో, అద్దం ముందు బుగ్గలు పూరించే వ్యాయామం చేస్తుంటే కుడి పెదవి చివర సన్నగా అదిరింది. మంట దగ్గర నిలబడి పదిసార్లు చేసి చూసుకున్నాను. ఉగాదికి కన్ను మూతపడింది. పచ్చడిలో వేపపువ్వు చేదు నాలుకంతా తెలిసింది. నవ్వినప్పుడు కుడి కన్ను కాస్త చిన్నదవుతుంది, అది ఇప్పటికీ ఉంది. కనుబొమ్మ మాత్రం కదల్లేదు. కొంతమందికి నుదురు ఆలస్యంగా వస్తుందని డాక్టరుగారు చెప్పినా, రోజూ అద్దంలో దాన్నే చూస్తూ, ఇక రాదేమోనని లోపల్లోపల బెంగపడేదాన్ని.

ఏప్రిల్ నెలాఖరులో అమ్మ ఆవకాయకి మళ్ళీ వచ్చింది. ఇద్దరం నేలమీద కూర్చుని మామిడిముక్కల్లో జీడి తీసి, లోపలి పొర గీకి, పొడిగుడ్డతో తుడుస్తున్నాం. మా ఆయన వంటింటి గుమ్మంలో నిలబడి కాఫీ కోసం చూస్తున్నారు. అడగరు, కదలరు.

"గుమ్మంలో నిలబడిపోయారేంటండీ కొత్తల్లుడిలాగ. హారతివ్వాలా?" అన్నాను తలెత్తకుండానే.

ఆయన నవ్వారు. అమ్మ నవ్వలేదు. చేతిలో ముక్క చేతిలోనే ఉంది, నా నుదురు వంక చూస్తోంది.

"మళ్ళీ అనవే" అంది.