వెయ్యి పండ్ల లెక్క

మా అమ్మ ఏ పనిముట్టునైనా వెయ్యితో తూచి చూసేది. జగిత్యాల వైపు బీడీలు చుట్టే ఇళ్లలో అదే లెక్క. కూలి వెయ్యి బీడీలకు ఇంత అని కడతారు. అందుకే తునికాకు కత్తిరించే కత్తెర కొన్నా, కొలతకు పెట్టుకునే రేకు కొన్నా, వెయ్యి పూర్తయ్యేసరికి వేళ్లు ఎలా ఉంటాయన్నదే ఆమె ప్రశ్న. "మొదటి పదింటికి అన్ని కత్తెరలూ మంచివే బిడ్డా" అనేది. దుబాయిలో ఒక హోటల్ వంటగదిలో చెర్రీ పండ్ల పెట్టెల ముందు నిలబడేదాకా ఆ మాట నాకు చాదస్తంగానే వినిపించింది.

నేను వెళ్లింది 2009లో. వీసా కాగితం మీద క్లీనర్ అని ఉంది, ఏజెంటు నోట మాత్రం 'హోటల్లో వంటవాడు' అని ఉంది. జీతం 800 దిర్హములు. అప్పట్లో దిర్హముకు 13 రూపాయల దాకా వచ్చేవి. ఎనిమిది నెలలు గిన్నెలు తోమాను. కేకుల విభాగంలో ఒకతను సెలవు మీద ఊరికి వెళ్లి మళ్లీ రాకపోవడంతో ఆ ఖాళీలోకి నన్ను తోశారు. పిండి కలపడమో క్రీము గిలకొట్టడమో నేర్పుతారనుకున్నాను. చెర్రీల్లో గింజలు తీయమన్నారు.

అది జూన్ నెల. బయట ఎండ మనుషులను కాల్చేస్తోంది. సోనాపూర్ క్యాంపులో నా గదిలో ఉండేవాళ్లంతా భవనాల పనివాళ్లు, నిర్మల్, సిరిసిల్ల వైపు వాళ్లు. ఎండాకాలంలో మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు గంటల దాకా ఆరుబయట పని చేయించకూడదని అక్కడ నిబంధన ఉంది. ఆ రెండున్నర గంటలు వాళ్లు నీడ వెతుక్కుని అట్టముక్కల మీద పడుకునేవారు. అదే సమయానికి నేను వణికించే చల్లటి గదిలో, లోపల స్వెటర్ వేసుకుని పండ్లు వొలుస్తూ ఉండేవాణ్ని. "నీదేమిటి తమ్మీ, ఫ్రిజ్‌లో ఉద్యోగం" అనేవాడు నిర్మల్ అన్న. ఆ మాటకు నవ్వాలో తల దించుకోవాలో నాకు ఎప్పుడూ తేలలేదు.

అమ్మకు ఫోన్ చేసి చెప్పాను.

"ఏం పని ఇచ్చారు కొడుకా?"

"గింజలు తీసే పనమ్మా."

"చింతపండా?"

"కాదు, చెర్రీలని ఎర్రటి పండ్లు."

కాసేపు మాట లేదు. తర్వాత, "గింజలు తీయడానికి అంత దూరం పోవాలా? ఇక్కడ పెద్దమ్మ ఇంట్లో రెండు బస్తాల చింతపండు ఉంది" అంది.

చింతపండుకు సుత్తో రాయో ఉంటే సరిపోతుంది. దెబ్బ కాస్త అటూ ఇటూ పడినా పండు చెడదు. చెర్రీ అలా కాదు. గుజ్జు మెత్తన, తొక్క పలుచన, రసం అంటుకుంటే బట్ట మీద మరక పోదు. పైగా కేకు మీద పెట్టేది కాబట్టి గింజ పోవాలి, పండు మాత్రం ఏమీ జరగనట్టు కనిపించాలి.

నాకు మొదట ఇచ్చింది స్టేప్లర్‌లా నొక్కే చేతి పిట్టర్. ఒక చివర పండు కూర్చునే చిన్న గిన్నె, దాని అడుగున చిల్లు. పై చివర పెన్సిల్‌కంటే సన్నని కడ్డీ, మధ్యలో స్ప్రింగు. తొడిమ పీకేసి, ఆ గుంట పైకి వచ్చేలా పండును గిన్నెలో పెట్టి నొక్కితే కడ్డీ గుంటలోంచి దిగి గింజను అడుగు చిల్లులోంచి బయటికి తోస్తుంది. వినడానికి ఇంతే. నొక్కాక తెలుస్తాయి సంగతులు. కడ్డీ కొన నున్నగా ఉంటే గింజ మీద కుదురుకోదు, పక్కకు జారుతుంది. పండు చితుకుతుంది, గింజ మాత్రం లోపలే ఉండిపోతుంది. కొన ప్లస్ గుర్తులా చెక్కి ఉంటే తొక్కను శుభ్రంగా చీల్చి గింజ నెత్తిన కూర్చుంటుంది. అడుగు చిల్లు మరీ వెడల్పయితే గింజతో పాటు సగం గుజ్జు కూడా పోతుంది, మరీ ఇరుకయితే గింజ అక్కడే ఇరుక్కుంటుంది.

మొదటి రోజు రెండు కిలోలు పూర్తయ్యేసరికి బొటనవేలి మొదట్లో మంట. స్ప్రింగు గట్టిది. పిడి తెరుచుకున్నప్పుడు నా చిటికెనవేలు దానికి అందదు, బరువంతా రెండు వేళ్ల మీదే. లావుపాటి పండ్లయితే కిలోకు వంద, కాస్త చిన్నవైతే ఇంకా ఎక్కువ. పెట్టెకు ఐదు కిలోలు. లెక్క కట్టుకుంటే రెండు పెట్టెలకు అమ్మ చెప్పిన వెయ్యి దాటిపోతోంది.

పక్క బల్ల దగ్గర పనిచేసే ఫిలిప్పీన్స్ అబ్బాయి నా అవస్థ చూసి, క్రీము పిండే స్టీలు నాజిల్‌ను మొన పైకి ఉండేలా బల్ల మీద నిలబెట్టాడు. చెర్రీని దాని మీద గుచ్చి కిందికి నొక్కాడు. గింజ పండు పైనుంచి బయటికి వచ్చేసింది. అలంకారానికి పెట్టే పండ్ల కోసం ఇంకో పద్ధతి చూపించాడు. కాగితాలకు పెట్టే క్లిప్పును ఎస్ ఆకారంలో విప్పి, చిన్న కొక్కేన్ని తొడిమ గుంటలోంచి లోపలికి దించి, గింజ చుట్టూ తిప్పి పైకి లాగడమే. అడుగున చిల్లు పడదు, పండు నిండుగా ఉంటుంది. ఆడవాళ్లు జడకు పెట్టుకునే పిన్నుతోనూ ఇదే పని అవుతుంది. నెమ్మది పని, కానీ చెయ్యి నొప్పి పుట్టదు. ఇంట్లో నాలుగు పండ్లకు పిట్టర్ కొనాలా అని ఎవరైనా అడిగితే నేను ఈ రెండే చెబుతాను.

కొన్నాళ్లకు ఒకేసారి ఆరు పండ్లకు పనికొచ్చే పిట్టర్ తెప్పించారు. ఇడ్లీ రేకుల్లా ఆరు గుంటలు, మూత వేసి నొక్కితే ఆరు కడ్డీలు ఒక్కసారి దిగుతాయి. అందరం సంబరపడ్డాం. నాకు మాత్రం అది నచ్చలేదు, ఇప్పటికీ నచ్చదు. పండ్లు అన్నీ ఒకే సైజులో కాయవు. జూన్, జూలైలో లెబనాన్ నుంచీ టర్కీ నుంచీ వచ్చేవి, డిసెంబరులో చిలీ నుంచి వచ్చేవి, దేని లావు దానిది. ఒక్క పెట్టెలోనే తేడాలుంటాయి. చిన్న పండు గుంటలో పక్కకు ఒరుగుతుంది, కడ్డీ గింజను తప్పుతుంది. ఆరింటిలో ఐదు గింజలు వచ్చాయి సరే, ఆరోది ఏ పండులో ఉంది? దాన్ని వెతకడానికి ఆరు పండ్లూ మళ్లీ పిసకాలి. ఇక మిగిలిన లాభమేమిటి?

పైన పళ్లెం ఉండి, పండ్లు ఒక్కొక్కటే దొర్లుకుంటూ కడ్డీ కిందికి వచ్చే రకం వీటికంటే మేలు. లైఫ్‌హైట్, వెస్ట్‌మార్క్ లాంటి జర్మన్ కంపెనీలు ఇలాంటివి తయారు చేస్తాయి. ఊపిరాడనంత పండ్లతో జామ్ చేసుకునే ఇళ్లకు అవి బాగుంటాయి. నాకున్న అభ్యంతరం ఒక్కటే. గింజలు కింద ప్లాస్టిక్ డబ్బాలో పడతాయి, చప్పుడు వినిపించదు.

చప్పుడు గొడవ ఎందుకంటే, ఒక శుక్రవారం నేను వొలిచిన చెర్రీలో గింజ మిగిలిపోయింది. అది కేకు ముక్కలో ఒక అతిథి పంటి కింద పడింది. పన్ను విరగలేదు, అదృష్టం. మేనేజరు నాతో ఒక్క మాట కూడా అనలేదు. నెలాఖరున జీతంలో మూడు రోజులది తగ్గింది. గింజ ఎవరి చేతిలోంచి వచ్చిందో ఎలా తేల్చారని అడిగే ధైర్యం నాకు లేదు. అడిగినా అరబ్బీలోనో ఇంగ్లీషులోనో అడగాలి, నాకు రెండూ అప్పటికి వంటగది మేరకే వచ్చు.

ఆ తర్వాత నా పద్ధతి మారింది. పిట్టర్ కింద స్టీలు పళ్లెం బోర్లించి పెట్టుకున్నాను. గింజ పడితే టింగుమంటుంది. నొక్కినప్పుడు టింగు వినిపించలేదంటే ఆ పండు పక్కకు. యాభై పండ్లకోసారి గింజలు లెక్కపెట్టాను. బీడీ కట్టకు ఇరవై ఐదు లెక్కపెట్టే అమ్మ వేళ్లు గుర్తొచ్చేవి. ఇంకో విషయం చలి నేర్పింది. గంటసేపు ఐసు నీళ్లలో ఉంచిన పండు గట్టిపడుతుంది, గింజ శుభ్రంగా ఊడుతుంది, రసం తక్కువ కారుతుంది. పెద్ద ఫ్యాక్టరీల్లో కూడా గింజలు తీసేముందు చల్లటి నీళ్లలోనే ఉంచుతారని మా లెబనాన్ షెఫ్ చెప్పాడు. రసం చిమ్మకుండా లోతైన గిన్నెలో చేతులు పెట్టి నొక్కడం, నల్ల ఏప్రాన్ కట్టుకోవడం మాత్రం ఎవరూ చెప్పకుండానే వచ్చాయి.

ఆ షెఫ్ ఒకసారి క్లఫూటీ అనే ఫ్రెంచి వంటకం చేశాడు. ఫ్రాన్స్‌లో లిమూజాన్ ప్రాంతపు వంటకం అది. అక్కడ సంప్రదాయం ప్రకారం చెర్రీలు గింజలతోనే వేస్తారట, వాసన బాగుంటుందని. నేను ఆయన ముఖం చూశాను, ఆయన నా బొటనవేలు చూశాడు. ఆ రోజంతా నాకు పని లేదు. గింజను చితక్కొడితే మాత్రం లోపలి పప్పులో విషం పుట్టే పదార్థం ఉందని, అది తినే వస్తువు కాదని కూడా ఆయనే చెప్పాడు. అరబ్బులు పండక్కి చేసే మామూల్ అనే తీపి బిస్కెట్లలో వేసే మహ్లబ్ అనే సుగంధం మాత్రం వేరే జాతి చెర్రీ గింజ పప్పే.

అలా పన్నెండేళ్లు గడిచాయి. 2021లో తిరిగొచ్చి హనుమకొండలో చిన్న బేకరీ పెట్టుకున్నాను. అమ్మ కూడా ఇప్పుడు మాతోనే ఉంటుంది. ఇక్కడి కేకుల మీద ఎర్రగా మెరిసేది చాలా వరకు చెర్రీ కాదు, వాక్కాయ. గింజలు తీసి, రంగు వేసి, పాకంలో నానబెట్టినది. ఒకప్పుడు నేనూ అదే చెర్రీ అనుకుని తిన్నాను. ఇప్పుడు తెలిసీ అదే వాడుతున్నాను. కిలో అసలు చెర్రీల ధరకు ఇక్కడ కేకే వస్తుంది. ఎండాకాలం చివర్లో కాశ్మీర్, హిమాచల్ చెర్రీలు చిన్న డబ్బాల్లో హనుమకొండ చౌరస్తాకు వస్తాయి. మొన్న పుట్టినరోజు కేకుకు అసలు పండ్లే కావాలని ఒకరు పట్టుబడితే రెండు డబ్బాలు తెచ్చాను. దుబాయి నుంచి తెచ్చుకున్న పిట్టర్ బయటికి తీశాను.

అమ్మ దాన్ని చేతిలోకి తీసుకుంది. పండు పెట్టకుండానే నాలుగైదుసార్లు ఉత్తగా నొక్కి చూసింది.

"స్ప్రింగు గట్టిది. దీంతో వెయ్యి చేస్తే రెక్క పడిపోతుంది."

"పడిపోయిందమ్మా" అన్నాను. అమ్మ ఇంకేమీ అడగలేదు.

ఇద్దరం కూర్చున్నాం. నేను నొక్కుతుంటే ఆమె తొడిమలు పీకి అందించింది, పళ్లెం చప్పుడు తనే విని తనే లెక్కపెట్టింది. మధ్యలో మనవడు రెండుసార్లు వచ్చిపోయాడు. చివర్లో పండ్లు ఎనభై ఆరు తేలాయి, గింజలు ఎనభై ఏడు.

"ఒక గింజ ఎక్కువ వచ్చింది" అంది అమ్మ, వాకిలి వైపు చూస్తూ. "వాణ్ని పిలువు. నోరు తెరవమను."