గురి సాధన: ఆరు వారాల లెక్కలు

అపెక్స్ లెజెండ్స్ అనే తుపాకీ పోరాటాల వీడియో గేమ్ మూడేళ్ళుగా ఆడుతున్నాను. ఆట తెలుసు, పటాలు తెలుసు, గురి మాత్రం ఎక్కడ వేసిన గొంగళి అక్కడే. కొలిచి చూస్తే గాని లోపం తెలియదనిపించి, ఏప్రిల్ చివరి వారంలో ఒక నోటుపుస్తకం తెచ్చి నా గేమ్ కన్సోల్ పీఎస్4 పక్కన పెట్టుకున్నాను. రోజూ ఆటకు ముందు అందులోని సాధన స్థలమైన ఫైరింగ్ రేంజ్‌లోకి వెళ్ళడం, అటూ ఇటూ కదిలే బొమ్మల మీద వంద తూటాలు ఒక్కొక్కటిగా పేల్చడం, తగిలినవి రాసుకోవడం. తుపాకీ ఎప్పుడూ అదే పిస్తోలు. ఒక చోట పింగ్ వేస్తే, అంటే గుర్తు పెడితే, దాని దూరం మీటర్లలో కనిపిస్తుంది కాబట్టి నిలబడే చోటు కూడా ఇరవై మీటర్లకు ఖాయం చేసుకున్నాను. మొదటి రోజు తగిలినవి 31.

మొదటి వారం వృథా. కంట్రోలర్ మీది స్టిక్‌ను బొటనవేలితో వంచితే చూపు ఎంత వేగంగా తిరగాలో చెప్పే అంకె సెన్సిటివిటీ. దాన్ని 3 నుంచి 5కి, 5 నుంచి 4కి, మళ్ళీ వెనక్కి మారుస్తూ పోయాను. రోజుకో అంకె మారిస్తే బొటనవేలికి ఏదీ అలవాటు కాదు. మా విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో కాంపౌండ్ విలువిద్యలో మూడు స్వర్ణాలు గెలిచిన పోటీలు మళ్ళీ చూశాను. బాణం వెంట బాణం, అదే నిలకడ. ఆ రాత్రే మామూలు చూపుకు 4, గురి పెట్టినప్పటి చూపుకు 3, రెస్పాన్స్ కర్వ్ లీనియర్ అని పుస్తకంలో రాసి, దాని కింద గీత గీశాను. లీనియర్‌లో స్టిక్ ఎంత వంచితే చూపు అంతే నిష్పత్తిలో తిరుగుతుంది. క్లాసిక్ అనే ఇంకో కర్వ్‌లో మొదట నెమ్మదిగా కదిలి తర్వాత వేగం అందుకుంటుంది. నా చేతికి మొదటిదే కుదిరింది.

రెండో వారం యంత్రాల పని. టీవీలో గేమ్ మోడ్ ఆపేసి ఉంది. అది లేకపోతే టీవీ బొమ్మకు మెరుగులు దిద్దుతూ ఆలస్యం చేస్తుంది. సెకనుకు 60 ఫ్రేములు నడిచే ఆటలో ఒక్కో ఫ్రేము 16.7 మిల్లీసెకన్లే, నాలుగైదు ఫ్రేములు ఆలస్యమైతే ఎదుటివాడు అప్పటికే గోడ చాటుకు వెళ్ళిపోతాడు. కంట్రోలర్‌కు కేబుల్ తగిలించినంత మాత్రాన సమాచారం తీగ గుండా వెళ్ళదని కూడా అప్పుడే తెలిసింది. పీఎస్4 సెట్టింగులలో డివైసెస్, కంట్రోలర్స్ కిందికి వెళ్ళి యూఎస్‌బీ కేబుల్ ఎంచుకోవాలి.

డెడ్ జోన్ దగ్గర ఎక్కువసేపు కూర్చున్నాను. స్టిక్‌ను కొద్దిగా కదిపినా ఆట పట్టించుకోని మధ్య భాగం అది. పెద్దదిగా ఉంటే సన్నని సవరింపులు చేరవు, బొటనవేలు తోస్తూనే ఉంటుంది, చూపు కదలదు, ఒక్కసారిగా ఎగిరి లక్ష్యాన్ని దాటిపోతుంది. పూర్తిగా తీసేసి, కంట్రోలర్‌ను బల్ల మీద ఉంచి చూశాను. ఎవరూ ముట్టుకోకుండానే చూపు ఎడమకు జారింది. స్టిక్ అరిగిందన్నమాట. చిన్న డెడ్ జోన్‌కు మార్చాక జారడం ఆగింది. వారం చివర లెక్క 44.

మూడో వారం మే నెల ఎండలు. సత్యనారాయణపురంలోని మా మేడ మీద గదిలో రాత్రి పదింటికి కూడా ఫ్యాను వేడి గాలే కొడుతుంది. బొటనవేళ్ళు చెమటకు జారి లెక్క 38కి పడిపోయింది. గవర్నర్‌పేటలో స్టిక్ మీద తొడిగే రబ్బరు టోపీలు రెండు కొన్నాను. కుడిదానికి కాస్త ఎత్తైనది తీసుకున్నాను, స్టిక్ పొడవు పెరిగితే అదే మలుపుకు వేలు ఎక్కువ దూరం కదలాలి, అందువల్ల సన్నని సవరింపులు తేలికవుతాయి. సాధనను తెల్లవారుజాము ఐదున్నరకు మార్చాను.

అసలు మలుపు సెలవులకు గుంటూరు నుంచి వచ్చిన మా అక్క కొడుకు వల్ల వచ్చింది. పక్కన కూర్చుని కాసేపు చూసి, “మామయ్యా, గురి పెట్టగానే మీరు ఎందుకు ఆగిపోతున్నారు?” అని అడిగాడు. నిజమే. కాల్చేటప్పుడు నడిపించే ఎడమ స్టిక్ పూర్తిగా వదిలేస్తున్నాను, భారమంతా చూపును తిప్పే కుడి బొటనవేలి మీదే పడుతోంది. బొమ్మ కుడికి నడిస్తే నేనూ కుడికి నడిస్తే చాలు, గురి దాదాపు దాని మీదే ఉంటుంది, కుడి స్టిక్‌కు మిగిలేది చిన్న దిద్దుబాటే. పైగా కన్సోల్‌లో ఎయిమ్ అసిస్ట్ ఉంది. గురి లక్ష్యం దగ్గరికి వచ్చినప్పుడు అది చూపును నెమ్మదింపజేస్తుంది, మనం కదులుతూ ఉంటే లక్ష్యంతో పాటు కొంత తిప్పుతుంది కూడా. స్టిక్‌లు వదిలేసి బిగుసుకుపోతే ఆ తిప్పే సాయం అందదు. నాలుగో వారమంతా కుడి బొటనవేలు దాదాపు కదపకుండా, ఎడమ స్టిక్‌తోనే బొమ్మను వెంబడించాను. ఐదో వారం రెండూ కలిపాను. 52, 57, 55, 61.

ఆటలో తేడా రేంజ్‌లో కనిపించినంత లేదు. అక్కడ బొమ్మ ఎక్కడుందో ముందే తెలుసు, ఆటలో తెలియదు. అందుకే ఇప్పుడు నడిచేటప్పుడు చూపును నేల మీద కాకుండా, మనిషి ఛాతీ వచ్చే ఎత్తున, గుమ్మాల అంచుల మీద నిలుపుతున్నాను. మలుపు తిరిగేసరికి సగం గురి కుదిరి ఉంటోంది.

నిన్నటి లెక్క 63. తగలని 37లో ఎక్కువ భాగం బొమ్మ దిశ మార్చుకున్న క్షణంలో పోయినవే. వచ్చే వారం నుంచి వాటిని విడిగా, ఎర్ర పెన్నుతో రాస్తాను.